రేపు రా!

ఉద్యోగంలో చేరేటప్పుడు మనవాళ్లు వర్జ్యం, దుర్ముహూర్తం చూసి, గుళ్లో కొబ్బరికాయ కొట్టి మరీ పంపుతారు. మానేసేటప్పుడు ఏ పంచాంగమూ అక్కరకు రాదు. ఆ మాటకొస్తే మానడం ఏమంత కష్టం కాదు. మానేశాక ఆఖరి నెల జీతం రాబట్టుకోవడం ఉంది చూశారూ, అదీ అసలు విద్య!

వెనకటికి కొన్ని ఊళ్లలో తలుపుల మీద "ఓ స్త్రీ, రేపు రా" అని రాసుకునేవారు. రాత్రిపూట వచ్చిన దయ్యం అది చదువుకుని, బుద్ధిగా వెనక్కి వెళ్లి, మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుకునేదట. పాపం, చదువొచ్చిన దయ్యం! మా యజమానిగారు నన్నూ ఆ జాతిలో కలిపేశారు. ఆయన తలుపు మీద రాయలేదు, నోటితో అనేవారు. అంతే తేడా.

నరసరావుపేటలో ఒక వ్యాపారసంస్థలో తొమ్మిదేళ్లు లెక్కలు రాశాను. పేరెందుకు లెండి. నెల ముందే నోటీసిచ్చి, కొత్త కుర్రాడికి పని అప్పజెప్పి, బీరువా తాళాలు ఇచ్చేసి జనవరి ఆఖరున మానేశాను. వచ్చేముందు చేసిన చివరి పని, చెల్లించవలసిన బాకీల్లో నా పేరు మీద నేనే "జనవరి జీతం, రూ. 18,000" అని పద్దు రాయడం. పద్దు సరిగ్గానే ఉంది. డబ్బే చేతికి రాలేదు.

మొదటిసారి వెళితే, "ఏమయ్యా, నిన్న మానేసి ఇవాళే తయారయ్యావా? రేపు రా" అన్నారు. రెండోసారికి కోటప్పకొండ తిరునాళ్ల వచ్చిపడింది. "ఊరంతా ప్రభల హడావిడిలో ఉంటే నీ జీతం గొడవేమిటి? శివరాత్రి వెళ్లనీ." శివరాత్రి వెళ్లింది. "మార్చి నెలయ్యా, ఇన్‌కంటాక్సు లెక్కలు. ఏప్రిల్లో చూద్దాం." ఆ లెక్కలు తొమ్మిదేళ్లు రాసినవాణ్ణి నేను. మార్చిలో జీతాలివ్వకూడదని అందులో ఎక్కడా లేదు.

ఈలోగా మా అమ్మాయి ఇంటరు ఫీజు ఆఖరి వాయిదా కట్టందే హాల్‌టికెట్టు ఇచ్చేది లేదన్నారు కాలేజీవాళ్లు. మా ఆవిడ గాజులు రెండూ కుదువబెట్టి కట్టాం. "ఏమండీ, వడ్డీ మాత్రం రేపొస్తానని అనడం లేదు" అందావిడ. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

మూడోసారి గట్టిగా అడిగాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "తొమ్మిదేళ్లు అన్నం పెట్టిన చెయ్యి కాదని పోయావు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడుగుతున్నావ్?" అన్నారు.

అప్పుడు బోధపడింది నాకు. ఆయనకి 18,000 లేక కాదు. తిరునాళ్లకి ఒక ప్రభకే అంతకు రెండింతలు చందా రాశారు. ఆయన లెక్కలో జీతమంటే పనికి ప్రతిఫలం కాదు, తన నీడన ఉన్నందుకు వేసే ముద్ద. నీడ వదిలినవాడికి ముద్ద ఎందుకన్నది ఆయన వాదం. కానీ జనవరి పని జనవరిలోనే అయిపోయిందే! ఫిబ్రవరిలో నేనెక్కడుంటే జనవరి చెమట ఆయనదవుతుంది?

మన పల్నాడుకి ఈ పేచీ కొత్తది కాదు. కోడిపోరులో ఓడి మాచర్ల విడిచినవాళ్లు, ఒప్పుకున్న ప్రకారం ఏడేళ్లూ బయట గడిపి, గడువు తీరింది, మా భాగం మాకిమ్మని అలరాజును రాయబారం పంపారు. ఇవ్వకపోగా అలరాజును విషం పెట్టి చంపారని కథ. ఆ తర్వాత కారంపూడిలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. నేను రాయబారులను పంపలేదు. స్వయంగానే వెళ్లాను. అయితే ఆ రోజు వాళ్లిచ్చిన టీ మాత్రం ముట్టుకోలేదు!

మా వీధిలో ప్లీడరుగారు ఒకాయన ఉన్నారు. విషయం చెబితే నవ్వారు. "1936 నాటి వేతన చెల్లింపు చట్టంలో, యజమాని తీసేసినవాడికి రెండో పనిదినం దాటకుండా జీతం ఇవ్వాలని ఉండేది. తనంతట తాను మానేసినవాడి ఊసు విడిగా లేదు. 2019 వేతనాల కోడ్‌లో రాజీనామా చేసినవాణ్ణీ చేర్చారు. అది 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. రెండు పనిదినాలండీ, రెండు తిరునాళ్లు కాదు. మూడేళ్లలోపు అర్జీ పెట్టుకోవచ్చు. అధికారి తలుచుకుంటే బాకీ మీద పదిరెట్ల దాకా పరిహారం వేయొచ్చు" అన్నారు.

ఆ రాత్రే ఉత్తరం రాశాను. తిట్లు లేవు, దీనాలాపాలు లేవు. చేరిన తేదీ, మానిన తేదీ, నోటీసు ముట్టినట్టు ఆయన సంతకం ఉన్న నకలు, రావలసిన మొత్తం. పదిరోజుల్లో చెల్లించకపోతే కార్మికశాఖకు వెళతానని ఒక వాక్యం. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచాను. తొమ్మిదేళ్లు ఆయన తరఫున బాకీదార్లకి ఇలాంటి ఉత్తరాలు రాసిన చెయ్యే కదా!

ఎనిమిదో రోజు సాయంత్రం కొత్త గుమస్తా కుర్రాడు కవరు పట్టుకుని ఇంటికొచ్చాడు. లెక్కపెట్టాను, సరిగ్గా 18,000. గాజుల వడ్డీ మా నెత్తినే పడింది. కుర్రాడు ఓచరు చాపి, "ఇక్కడ సంతకం పెట్టమన్నారండీ" అన్నాడు. చదివాను. "అన్ని బాకీలూ పూర్తిగా ముట్టినవి, ఇకపై ఏ హక్కూ లేదు" అని ఉంది.

పదిమంది, ఆపైన పనిచేసేచోట అయిదేళ్లు నిండినవాడికి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ రావాలి. 1972 చట్టం నాటినుంచీ ఉన్న హక్కది. మేం పద్నాలుగుమందిమి. నావి తొమ్మిదేళ్లు. ఆ వాక్యం కొట్టేసి, "జనవరి జీతం మాత్రమే ముట్టినది" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను.

కుర్రాడు ఓచరు మడిచి జేబులో పెట్టుకున్నాడు గానీ కదల్లేదు. గుమ్మం దాకా వెళ్లి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు:

"సార్, ఆ ఉత్తరం నకలు నాకొకటి ఇస్తారా?"