బొర్రా గుహలో వెలుగూ నీడా

విశాఖపట్నంలో అరకు వెళ్ళే రైలెక్కితే, దారిలో 'బొర్రా గుహలు' అనే స్టేషను వస్తుంది. అక్కడ దిగి కొంత దూరం వెళితే, అనంతగిరి కొండలలో ఒక పెద్ద గుహ నోరు తెరుచుకుని ఉన్నది.

లోపలికి దిగి, వెనక్కు తిరిగి చూడండి. బయట ఎండలో చెట్లూ, లోపల కప్పునుంచి వేళ్ళాడే సున్నపురాతి ఊడలూ, రెండూ మీ కంటికి ఆనతాయి. కాని ఫోటో తీస్తే, ఊడలు కనిపించినప్పుడు చెట్లు తెల్లగా వెలిసిపోతాయి. చెట్లు కనిపించినప్పుడు గుహ మసిబొగ్గు! కన్ను చూసినదంతా కెమెరా ఒక్కసారిగా పట్టలేదు.

ఇందుకే చాలా డిజిటల్ కెమెరాలలోనూ, ఫోనులలోనూ హెచ్‌డీఆర్ అనే ఏర్పాటు ఉన్నది. మీరు ఒక్కసారి నొక్కితే చాలు, కెమెరా వెంటవెంటనే కొన్ని బొమ్మలు తీస్తుంది: ఒకటి చీకటిగా, ఒకటి మామూలుగా, ఒకటి వెలుగ్గా. వాటిలో బాగా వచ్చిన భాగాలను ఏరి, తానే ఒక బొమ్మగా కలుపుతుంది.

అంతసేపూ మీ చెయ్యి కదలరాదు. ఎదుట నిలబడ్డ చెల్లాయి కదిలిందా, బొమ్మలో రెండు తలలతో దయ్యంలా కనిపించవచ్చు!

ఆ ఊడలు నీరు బొట్టుబొట్టుగా కారి, వేల ఏళ్ళకు తయారైనవి. వాటికోసం మీరు ఒక్క క్షణం కదలకుండా నిలబడలేరా?