దాపరికం లేని సాఫ్ట్‌వేర్

తాళపత్రాల కాలంలో కావ్యం ఊరు దాటాలంటే ఎవరో ఒకరు కూర్చుని నకలు రాసుకోవలసిందే. అట్లా రాసుకొనడాన్ని కవి తప్పుపట్టేవాడు కాదు. నేడు ఆ స్వేచ్ఛ గల సాఫ్ట్‌వేర్‌ను ‘ఓపెన్ సోర్స్’ అంటున్నారు. దాని మూలపాఠాన్ని ఎవరైనా చదవవచ్చు, సవరించవచ్చు, పంచవచ్చు. ఉచితంగా లభించడం గౌణం. దాపరికం లేకపోవడమే ప్రధానం.

ఇటువంటి వాటికి ప్రకటనలిచ్చే ధనబలం సాధారణంగా ఉండదు. నోటిమాటే వాటికి ప్రచారం. 1991 ఆగస్టు 25న హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, తాను కాలక్షేపానికి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని కంప్యూటర్ చర్చావేదికలో నాలుగు మాటలు తెలియజేశాడు. ఆ లినక్సే నేడు ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆధారం. అప్పటి చర్చావేదికల పనిని ఇప్పుడు చాలావరకు సామాజిక మాధ్యమాలు చేస్తున్నాయి.

తెలుగువారికి ఇందులో ఒక ముచ్చట ఉంది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్రుడు, సూరన పేర్లతో తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో లభిస్తున్నాయి. భువనవిజయంలో వీరందరూ ఒకేసారి కొలువుదీరారా అన్న విషయమై పండితులు వాదించుకొంటారు గాని, కంప్యూటర్‌లో మాత్రం ఒకే వరుసలో ఆసీనులైనారు! ఎరిగినవారు ఫేస్‌బుక్‌లో ఒక్క పంక్తి రాస్తే తప్ప ఈ సంగతి చాలామందికి చేరదు.

అయితే పదిమంది మెచ్చుకొన్నది పరీక్షకు నిలిచినట్లు కాదు. ‘ఎక్స్‌జెడ్ యుటిల్స్’ ఫైళ్లను కుదించే చిన్న పనిముట్టు. ఒక వ్యక్తి దానిని ఏళ్ల తరబడి వేతనం లేకుండా పోషిస్తూ వచ్చాడు. జియా టాన్ అనే పేరుతో ఒక అజ్ఞాతవ్యక్తి వచ్చి, రెండేళ్లకు పైగా సాయపడి, నమ్మకం చూరగొని, 2024లో అందులో రహస్యద్వారం అమర్చాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, కంప్యూటర్‌లోనికి ప్రవేశించడానికి సుమారు అర సెకను ఆలస్యమవుతున్నదని గమనించి, కారణం వెదుకుతూ పోయి, మార్చి 29న ఆ మోసాన్ని లోకానికి వెల్లడించాడు. అర సెకనును ఉపేక్షించని ఆ దృష్టి పాఠపరిష్కర్తలకు సైతం ఆదర్శప్రాయం.

కాబట్టి మిత్రుడు పంపిన లంకెను నొక్కేముందు లైసెన్సు ఏమిటో, చివరి సవరణ ఎప్పుడు జరిగిందో, లోపాలు తెలిపినవారికి నిర్వాహకులు బదులిస్తున్నారో లేదో చూడాలి. చాలా ప్రాజెక్టులకు గిట్‌హబ్‌లో లోపాల పట్టిక ఉంటుంది. ఫాంటులో ఫలానా వత్తు తప్పుగా పడుతున్నదని అందులో రాయడానికి ప్రోగ్రామింగ్ రానవసరం లేదు. ఆ పని తెలుగు చదివే విద్యార్థులే బాగా చేయగలరు.