తోలులో వెలుగు

తోలుబొమ్మలాట ఆంధ్రుల ప్రాచీన కళలలో ఒకటి. తెల్లని తెర వెనుక దీపం వెలుగుతుండగా రామాయణ, భారత గాథలు తెల్లవార్లూ సాగేవి. కేతిగాడూ బంగారక్కా నడుమ నడుమ వచ్చి నవ్వించిపోయేవారు. సినిమా వచ్చిన పిదప ఆ తెర ముందు జనం పలచబడ్డారు. ఆటనే నమ్ముకొన్న కుటుంబాలకు పూట గడవడం కష్టమయింది.

అట్టి కుటుంబాలు నివసించే ఊరు ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట. పూర్వం అనంతపురం జిల్లాలోనిది. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. వంశపారంపర్యంగా అబ్బిన ఈ విద్యలో పేరుగాంచిన దళవాయి చలపతిరావు ఈ ఊరివారే.

బొమ్మ అందమంతా తోలులోనే ఉన్నది. మేకతోలును వేడినీటితో శుభ్రపరచి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఆరబెడితే అది వెలుతురును తనగుండా పోనిస్తుంది. దానిపై రూపం గీసి, చిన్న ఉలులతో రంధ్రాలు పొడిచి, ఇరువైపులా రంగులు అద్దుతారు. హారాలు, కిరీటాలు మెరిసేది ఆ రంధ్రాల వల్లనే. బొమ్మకు దీపం వెనుక ఉండాలి. ఆ దీపాన్నే తోలు లోపల నిలిపితే? నిమ్మలకుంట ల్యాంప్‌షేడ్ల కిటుకు ఇంతే. తడితోలును ఇనుపతీగ చట్రానికి కుట్టి ఆరనిస్తే అది మద్దెల మూతవలె బిగుస్తుంది.

ఇటలీలో, మిలాన్ నగరానికి చెందిన వాస్తుశిల్పులు అకిలే, పియర్ జాకొమో కాస్టిగ్లియోని సోదరులు 1960లో ఇటువంటి పనే చేశారు. లోహపు తీగల చట్రంపై రెసిన్ చల్లి, పట్టుగూటి వంటి పలుచని పొరతో ‘టరాక్సకమ్’ అనే దీపాన్ని రూపొందించారు. ఒకరినొకరు ఎరుగని చేతులు ఒకే సూత్రాన్ని అందుకొన్నాయి. అయితే మిలాన్ దీపంపై బొమ్మ లేదు. నిమ్మలకుంట దీపంపై హనుమంతుడున్నాడు.

కాని ఆ హనుమంతుడు కదలడు. తెర మీది బొమ్మకు కీళ్లున్నాయి, దాని వెనుక పాట ఉంది, తాళం ఉంది, నవ్వించే కేతిగాడున్నాడు. దీపంపై వీటికి చోటులేదు. ఉలి పట్టిన చేతికి కూలి గిట్టుతుంది గాని, రాత్రంతా పాడిన గొంతుకు గిట్టడం అరుదు. దీపం కుటుంబాన్ని నిలిపింది. పాటను నిలపడం దాని వల్ల కాలేదు. ఇందుకు కళాకారులను తప్పుపట్టడం న్యాయం కాదు. ఆకలితో ఉన్నవానిని పద్యం చదవమనడం సులభమా?

చలపతిరావు బొమ్మను చేయడమూ, ఆడించడమూ రెండూ ఎరిగినవారు. 2020లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. ఇళ్లలో వెలిగే దీపాలు ఎన్ని ఉన్నా, ఆ గౌరవం ఆయనకు తోలుబొమ్మల కళాకారునిగానే దక్కింది.