ముల్లు ఎక్కడుందో చూడు

మాది యానాది కుటుంబం. రాజోలు వైపు ఒక పంట కాలువ గట్టు మీద మా ఇళ్ళు. ఆ దగ్గర్లోనే ఒక బళ్ళో ఇప్పుడు నేను సైన్సు చెబుతున్నాను. రెండేళ్ళ కిందట ఫాల్గుణ మాసంలో జరిగిన సంగతి ఇది.

"నీళ్ళ దగ్గర పూసే పువ్వు ఒకటి తెచ్చి, దాని పేరు చెప్పండి" అని ఎనిమిదో తరగతి పిల్లలతో అన్నాను. కలువలు వచ్చాయి, తూటిపూలు వచ్చాయి. సగం మంది గుర్రపుడెక్క తెచ్చారు. పువ్వు అందంగానే ఉంటుంది గాని అది మన నేల మొక్క కాదని, దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన కాలువల్ని కమ్మేసిందని చెప్పాను. చివర్న, అంతర్వేది వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి ముళ్ళ కొమ్మ ఒకటి ఇచ్చింది. దానికి నీలం పువ్వు. చూడగానే "నీటి గొబ్బి" అనేశాను.

"కాదండీ. ఇది ఉప్పునీళ్ళ మొక్కండీ. మడ చెట్ల మధ్య ఉంటదండీ" అంది మెల్లగా.

"నాకు తెలుసు, కూర్చో" అన్నాను.

అన్నాక నా మనసు మనసులో లేదు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు నిజమైన నీటి గొబ్బినే బడికి పట్టుకెళ్ళాను. "ఈ పిచ్చిమొక్క ఎందుకు తెచ్చావురా" అని కిటికీలోంచి పారేశారు. పిల్లలంతా నవ్వారు. ఆ తర్వాత మా ఇంట్లో తెలిసిన ఏ సంగతీ నేను బళ్ళో నోరు విప్పి చెప్పలేదు.

సాయంత్రం ఆ కొమ్మ పట్టుకుని మామ్మ దగ్గరకు వెళ్ళాను. వయసులో ఉన్నప్పుడు మామ్మ గొబ్బి గింజలు, వేళ్ళు సేకరించి అమలాపురంలో మూలికలు కొనేవాళ్ళకు అమ్మేది. ఇప్పుడు చూపు సరిగా ఆనదు. ఆకు అంచు వేలితో తడిమింది.

"ఇది గొబ్బి కాదురా అయ్యా. ముల్లు ఎక్కడుందో చూడు. గొబ్బికి ముల్లు కణుపు దగ్గర ఉంటది. దీనికి ఆకు అంచునే ఉంది."

మర్నాడు పిల్లల్ని కాలువ గట్టుకు తీసుకెళ్ళాను. నీటి గొబ్బి పక్కన ఆ అమ్మాయి తెచ్చిన కొమ్మ పెట్టి, రెండూ పోల్చి చూశాం.

గొబ్బి కాండం నిటారుగా, నాలుగు పలకలుగా, గరుకు నూగుతో ఉంటుంది. కణుపు కణుపుకూ ఆరు ఆకులు చుట్టూ ఉంటాయి, వాటిలో రెండు పొడుగు. ఒక్కో ఆకు మొదట్లో ఒక పసుపు ముల్లు. ఆ ముళ్ళ మధ్యనే ఊదా నీలం పూలు గుత్తిగా పూస్తాయి. పువ్వుకు రెండు పెదవులు. కింది పెదవి మీద పసుపు చార ఉంటుంది. అమ్మాయి తెచ్చిన పువ్వుకు కింది పెదవి ఒక్కటే ఉంది. అది అకాంథస్ ఇలిసిఫోలియస్, మడ అడవుల మొక్క. గొబ్బి హైగ్రోఫిలా ఆరిక్యులేటా, మంచినీటి చెమ్మ నేల మొక్క. రెండూ అడ్డసరం కుటుంబానివే.

ఎండిన కాయలోంచి గొబ్బి గింజలు తీసి నీళ్ళలో వేయించాను. కాసేపటికి జిగురుగా ఉబ్బాయి. మామ్మ గింజల్ని పరీక్షించే పద్ధతి అదే. ఆయుర్వేదంలో దీన్ని కోకిలాక్షం అంటారు. మూత్ర సంబంధమైన జబ్బులకు వాడతారు. వైద్యుణ్ణి అడక్కుండా ఎవరూ నోట్లో వేసుకోకూడదని కూడా పిల్లలకు చెప్పాను.

తర్వాత అందరి ముందూ, "నిన్న నేను చెప్పింది తప్పు. ఈమె చెప్పిందే నిజం" అన్నాను. ఆ అమ్మాయి తల దించుకుని నవ్వింది. ఆ రోజు నుంచి క్లాసులో ముందు వరసలో కూర్చుంటోంది.

విలియం రాక్స్‌బర్గ్ అనే వృక్ష శాస్త్రవేత్త 1780ల్లో మన సామర్లకోటలో ఉండి మొక్కల్ని పరిశీలించాడు. 1795 నుంచి అచ్చయిన ఆయన కోరమాండల్ మొక్కల పుస్తకాల్లో తెలుగు పేర్లు కూడా రాశాడు. ఆ పేర్లు చెప్పినవాళ్ళలో చెట్టూ చేమా ఎరిగిన మా వాళ్ళూ ఉండే ఉంటారని నా నమ్మకం. పేరు చెప్పినవాళ్ళ పేరు కూడా రాయడం మన నుంచైనా మొదలవ్వాలి. అందుకే మా బడి మొక్కల పుస్తకంలో ప్రతి ఆకు కింద రెండు వరసలు పెట్టాం: మొక్క పేరు, చెప్పినవారు.

కాలువ బాగు చేసేటప్పుడు యంత్రం గట్టునంతా ఒకే తీరున గీకేస్తుంది. దానికి గుర్రపుడెక్క, గొబ్బి ఒక్కటే. మనకు తేడా తెలిస్తే, కనీసం ఒక మూల వదలమని అడగగలం. తేడా తెలిసినవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, వాళ్ళు ఉండగానే అడగండి. మాస్టార్లూ, పిల్ల "కాదండీ" అన్నప్పుడు ఒక్క క్షణం ఆగండి.

మా పుస్తకంలో మొదటి పేజీ గొబ్బిది. చెప్పినవారు: మా మామ్మ. రెండో పేజీ ఆ అమ్మాయిది.