నీ బండేగా, నీకు తెల్వదా?

"ఇంట్లో సార్ ఉంటే పంపించండి మేడం. ఆయనకైతే చెప్తే అర్థమవుద్ది" అన్నాడు మెకానిక్. మా ఇంట్లో సార్ ఎవరూ లేరు. అమ్మా నేనూ ఉంటాం. ఆ సంగతి అతనికి చెప్పలేదు. అలాంటి చోట చెప్పకుండా ఊరుకోవడం నాకు అప్పటికే అలవాటైపోయింది. డబ్బులిచ్చి, కారు తీసుకుని బూర్గంపాడు వచ్చేశాను.

అది 2006. బూర్గంపాడు అప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండేది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడటానికి ఇంకా పదేళ్లుంది. నేను గోదావరి దాటి వెళ్లి భద్రాచలంలో తెలుగు పాఠాలు చెప్పేదాన్ని. సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర మోసే లారీల వెనక, కిక్కిరిసిన బస్సుల్లో చాలా ఏళ్లు తిరిగాక, దాచుకున్న డబ్బుతో 1997 మోడల్ మారుతి 800 ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నాను. నా పేరు మీద ఉన్న ఆస్తి అదొక్కటే.

దాని జబ్బు విచిత్రమైనది. పరుగెత్తేటప్పుడు ఏ పేచీ లేదు. ఆగినప్పుడే. స్పీడ్ బ్రేకర్ దగ్గర యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇంజన్ వణికేది, గొంతు లేచేది, పడిపోయేది, ఒక్కోసారి టక్కున ఆగిపోయేది. ఐడిలింగ్ నిలవట్లేదంటారు మెకానిక్కులు. అతను ప్రతిసారీ స్క్రూడ్రైవర్‌తో ఒక మర తిప్పి రేజింగ్ పెంచి ఇచ్చేవాడు. వారం రోజులు బాగుండేది. పెట్రోలు మాత్రం తెగ తాగేది. మళ్లీ మొదలు.

గోదావరి వంతెన మీద కారు ఆగిపోతే ఎలా ఉంటుందో అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది. వెనక లారీల హారన్లు. కిటికీలోంచి తొంగిచూసే మొహాలు. "క్లచ్ తొక్కారా?" "డ్రైవింగ్ ఎక్కడ నేర్చుకున్నారు?" కారు చెడిపోయిందని ఎవరూ అనుకోరు, ఆడమనిషికి నడపడం రాదనుకుంటారు. కొన్నాళ్లకు నేనూ అలాగే అనుకోవడం మొదలుపెట్టాను. మా తమ్ముడైతే తేల్చేశాడు. "అమ్మేయక్కా, పాతబండ్లతో నువ్వు పడలేవు."

అమ్మేసేదాన్నే. జులైలో ఒక సాయంత్రం పాల్వంచ నుంచి వస్తుంటే అడవి దారిలో కారు ఆగిపోయింది. నాట్లు వేసి ఇళ్లకు పోతున్న కోయ ఆడవాళ్లు ఐదారుగురు దగ్గరికొచ్చారు. మోకాళ్ల దాకా బురద. అందులో పెద్దామె "ఏమైందక్కా బండికి?" అంది. "ఏమో, తెలీదు" అన్నాను. "నీ బండేగా, నీకు తెల్వదా? మా ఎద్దు మేత మానేస్తే ఎప్పట్నించి మానేసిందో మాకే గదా తెలిసేది."

అందరూ కలిసి నెట్టారు. రెండో గేరులో క్లచ్ వదిలితే ఇంజన్ అందుకుంది. వాళ్లను ఎక్కించుకుంటానని ఆగితే మళ్లీ ఆగిపోతుందని భయపడి, చెయ్యి మాత్రం ఊపి వచ్చేశాను. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది. నా బండిని నెట్టిన వాళ్లు రోజంతా బురదలో నిలబడి, ఇంకా నడవాల్సిన వాళ్లు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు నిజంగా ఏమీ తెలియదా? నోట్‌బుక్ తీసి రాశాను. పొద్దున స్టార్ట్ చేసి చోక్ లాగి ఉంచినంతసేపూ వణుకు లేదు. వేడెక్కి చోక్ లోపలికి నెట్టాక మొదలవుతుంది. వేడి మీద కూడా చోక్ కొంచెం లాగితే నిలకడగా ఉంటుంది. నెలలుగా నేను వంతెన మీద చేస్తున్న పని అదే, ఎడమచేత్తో చోక్ పట్టుకుని కూర్చోవడం. ఈ ముక్క మెకానిక్‌కి ఎప్పుడూ చెప్పలేదు. అతను అడగలేదు. అంతకంటే ముఖ్యం, అది చెప్పదగ్గ విషయమని నాకే తోచలేదు. అదేదో నా గండం గడుపుకునే ఉపాయమనుకున్నాను. చూసి, గుర్తుపెట్టుకుని, సర్దుకుపోవడమే మన చదువు. దాన్ని జ్ఞానమని మనకెవరు చెప్పారు కనుక?

మర్నాడు స్టాఫ్ రూమ్‌లో ఆ కాగితం మా ఫిజిక్స్ మేడంకి చూపించాను. ఆవిడ చదివి నవ్వింది. "చోక్ అంటే గాలి తగ్గించడం. గాలి తగ్గిస్తే బాగుపడుతోందంటే, గాలి ఎక్కువవుతోందన్నమాట. లేదా పెట్రోలు తక్కువవుతోంది." కాసేపాగి, "ఏళ్ల తరబడి వెంచురి గొట్టం బొమ్మ బోర్డు మీద గీస్తున్నాను. కార్బరేటర్‌లో ఉండేది అదే. ఒక్కసారీ కారు బానెట్ ఎత్తి చూడలేదు" అంది.

జులై ఆఖరి ఆదివారం మా వాకిట్లో ఇద్దరం బానెట్ ఎత్తాం. అమ్మ అరుగు మీద కూర్చుని చూస్తోంది. ముందు మూడు ప్లగ్గులు విప్పాం. మంట సరిగా ఉంటే వాటి కొస లేత గోధుమరంగులో ఉండాలి. మావి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. పెట్రోలుకు తగినదానికంటే గాలి ఎక్కువైనప్పుడు అలా ఉంటాయి. తర్వాత ఇంజన్ ఆపి ఒక ప్లగ్గు తీగ ఊడదీసి, స్టార్ట్ చేసి చూశాం. మళ్లీ ఆపి, అది పెట్టేసి ఇంకోటి. ఏది తీసినా ఇంజన్ ఒకేలా నీరసించింది. మూడు సిలిండర్లూ సమానంగా పని చేస్తున్నాయి. ఒకదాని తప్పు కాదు.

అంటే ఎక్కడో దొంగగాలి. కార్బరేటర్‌ని దాటి, లెక్కలోకి రాకుండా లోపలికి పోతోంది. ఇంజన్ పరుగులో ఉన్నప్పుడు చాలా గాలి పీల్చుకుంటుంది, ఆ చిన్న చిల్లు లెక్కలోకి రాదు. ఆగి ఉన్నప్పుడు నిమిషానికి ఎనిమిది తొమ్మిది వందల చుట్లతో, సన్నటి ఊపిరితో తనను తాను నిలబెట్టుకుంటుంది. అప్పుడు ఆ కొంచెమే ఎక్కువైపోతుంది.

ఇస్త్రీ బట్టల మీద నీళ్లు చల్లే సీసా తెచ్చాను. ఇంజన్ నడుస్తుండగా ప్లగ్గు తీగల మీద పడకుండా, గాలి గొట్టాల అతుకుల దగ్గర ఒక్కోచోటే చల్లాం. ఒకచోట ఇంజన్ శబ్దం మారింది. మళ్లీ చల్లాం, మళ్లీ మారింది. వెనకవైపు వేలెడంత రబ్బరు గొట్టం, వంపు తిరిగే చోట కొస పగిలి ఉంది. బయటికి కనపడదు, వంచితే నోరు తెరుస్తుంది. ఇంజన్ ఆపి, బ్లేడుతో ఆ కొస కోసేసి, మిగిలినదాన్ని బిగించాం.

స్టార్ట్ చేస్తే ఇంజన్ హోరెత్తిపోయింది. ఇద్దరం హడలిపోయాం. అప్పుడర్థమైంది. అన్నిసార్లు పెంచిన రేజింగ్ అంతా అలాగే ఉంది. మర కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పుతుంటే హోరు దిగి దిగి, చివరికి సన్నగా, సమంగా నిలిచింది. ఆ మర జబ్బుని నయం చెయ్యలేదు, వినపడకుండా చేసింది. ఆడవాళ్లం మనం కూడా ఇళ్లలో, ఉద్యోగాల్లో ఎంత రేజింగ్ పెంచుకుని బతుకుతామో! ఇంకా పొద్దున్నే లేచి, ఇంకా గట్టిగా నవ్వి. చూసేవాళ్లకి బండి బాగానే నడుస్తోంది.

మరునాడు షాపులో కొత్త గొట్టం కొన్నాను, నాలుగు రూపాయల వస్తువు. ఆ మెకానిక్‌కి కూడా చూపించాను. అతను దాన్ని వంచి చూసి, "చోక్ సంగతి ముందే చెప్తే పట్టుకునేవాణ్ణి మేడం" అన్నాడు. నిజమే. చెవితోనే ఇంజన్ చదవగల మనిషి. కాకపోతే నన్ను ఆ ఇంజన్ గురించి తెలిసిన మనిషిగా అతను చూడలేదు, నేనూ చూసుకోలేదు.

ఆ తర్వాతి వారమే గోదావరి పొంగింది. ఆగస్టు 6న భద్రాచలం దగ్గర 66 అడుగులు దాటింది. గోదావరి పోటెత్తితే కిన్నెరసాని వెనక్కి తన్నుతుంది, బూర్గంపాడు మునుగుతుంది. నీళ్లు రాకముందే అమ్మను, పక్కింటి ముసలామెను, ఆమె కోడలిని ఎక్కించుకుని పాల్వంచ బయల్దేరాను. రోడ్డంతా బళ్లు, ట్రాక్టర్లు, పశువులు. కదలడం, ఆగడం, గంటల తరబడి ఆగడం. చెయ్యి చోక్ మీదికి పోలేదు. బండి ఒక్కసారీ ఆగిపోలేదు.

1888 ఆగస్టులో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు కారు నడిపింది, భర్తకు చెప్పకుండా. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగు చేసింది. మోటారు కారు పుట్టుకలోనే ఒక ఆడమనిషి చేతులున్నాయి. 2021లో సుజాతనగర్ ఆదిలక్ష్మి గురించి పత్రికల్లో చదివినప్పుడు, కొత్తగూడెం పక్కనే లారీ టైర్లు విప్పి బిగించే ఆమె ఫొటోను కత్తిరించి దాచుకున్నాను.

మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది. నా బండి అంతకుముందే పోయింది. అమ్మా పోయింది. ఇప్పటి కారులో చోక్ లేదు, ఐడిలింగ్‌ని కంప్యూటర్ చూసుకుంటుంది. మొన్న సర్వీసింగ్‌కి ఇస్తే కుర్రాడు ఏదో మెషిన్ తగిలించి "సెన్సరు మేడం" అన్నాడు. ఏ సెన్సరు, ఏం చూస్తుందని అడిగాను. విసుక్కున్నాడు, కానీ చెప్పాడు. తర్వాత నోట్‌బుక్ తీసి, బండి ఎప్పటినుంచి, ఎప్పుడెప్పుడు వణుకుతోందో చదివి వినిపించాను. ఈసారి అతను మెషిన్ పక్కన పెట్టి విన్నాడు.