బోధన్ పెళ్లికి రాని అన్న

నిజామాబాద్ బస్టాండ్‌లో బోధన్ బస్సెక్కితే గంట లోపే దిగిపోతాం. ఎడపల్లి దాటాక రెండు వైపులా వరి పొలాలే. ఒకప్పుడు ఇటంతా చెరుకేనట. 1930ల చివర్లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. శక్కర్‌నగర్ అన్న పేరులో మాత్రం చక్కెర ఇంకా మిగిలే ఉంది.

మా దోస్త్ వాళ్ల బాపు ఆ ఫ్యాక్టరీలోనే పని చేసిండు. మొన్న వాళ్ల చెల్లి పెళ్లి. నేను గేటు దాటగానే అడిగిండు: "వానికి లీవెందుకు ఇయ్యలేదు బిడ్డా?"

లీవ్ దొరికింది. దొరకంది వీసా. టెక్సాస్‌లో ఒక శనివారం రాత్రి పార్టీ నుంచి కారు నడుపుకుంటూ వస్తుంటే పోలీసులు ఆపారు. అరెస్టు, బెయిలు. కేసు ఇంకా కోర్టులోనే ఉంది, ఈలోపే వీసా రద్దయిందని కాన్సులేట్ మెయిల్. ఐదేళ్ల లోపు డ్రంక్ డ్రైవింగ్ అరెస్టు ఉంటే చాలు, శిక్ష పడకపోయినా వీసా రద్దు చేసే పద్ధతి అక్కడ 2015 చివరి నుంచీ ఉంది.

అంటే ఉద్యోగం పోయిందా? లేదు. హెచ్‌వన్‌బీ స్టేటస్ వేరు, పాస్‌పోర్టులో వీసా వేరు. మన భాషలో చెప్పాలంటే సెషన్ నడుస్తోంది, లాగౌట్ అయితే మాత్రం మళ్లీ లాగిన్ అవుతామో లేదో తెలియదు. ఇండియాకొస్తే కొత్త వీసాకి అప్లై చేయాలి, కాన్సులేట్ చెప్పిన డాక్టర్ దగ్గర మద్యం అలవాటు గురించి పరీక్ష చేయించుకోవాలి. అందుకే వాడు వాట్సాప్ వీడియోలో తలంబ్రాలు చూసిండు.

దావత్ అయ్యాక వాళ్ల కజిన్ కారు తాళాలు తీసిండు. రెండు బీర్లు తాగి ఉన్నాడు. ఎంఎస్ అడ్మిషన్ వచ్చింది, వచ్చే నెలే వీసా ఇంటర్వ్యూ.

"మనూరే కదన్నా, ఎవరాపుతరు?"

మన చట్టంలో పరిమితి వంద మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములే. మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. పది వేలు ఎట్లయినా కట్టొచ్చు. కానీ డీఎస్-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతారు. ఏ దేశంలో అని కాదు, ఎప్పుడైనా అని. అబద్ధం రాసి దొరికితే అది ఇంకా పెద్ద తలనొప్పి.

ఇదంతా చెప్తే వాడు గొణుక్కుంటూనే నాతో బస్టాండ్‌కి నడిచిండు.

బయల్దేరే ముందు బాపు లడ్డూల డబ్బా నా చేతిలో పెట్టిండు. "వానికి పంపు బిడ్డా. వచ్చే సంక్రాంతికైనా లీవ్ అడగమను."

సరే అన్న.