రుషికొండ ఇసుకలో చదవదగ్గవి

రుషికొండ బీచ్‌కి వెళ్లే సంచిలో పట్టే పుస్తకాల్లో మొదటిది రావిశాస్త్రి నవల ‘అల్పజీవి’. విశాఖలో ప్లీడరీ చేసిన ఈ రచయిత సృష్టించిన సుబ్బయ్య ఒట్టి పిరికి గుమాస్తా. కాంట్రాక్టరు గవరయ్య దగ్గర తెచ్చిన అప్పు అతని మెడకు చుట్టుకుంటుంది. ఎవరైనా గట్టిగా మాట్లాడితే చాలు, లోపల్లోపలే నలిగిపోతాడు. ఆఫీసు ఉద్యోగం చేసినవాళ్లు అక్కడక్కడా భుజాలు తడుముకోక తప్పదు.

కథలు కావాలంటే కాళీపట్నం రామారావు ‘యజ్ఞంతో తొమ్మిది’ ఉంది. 1995లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన ఈ సంపుటి రచయిత విశాఖలోనే బడిపంతులుగా పనిచేశాడు. ఒక్క పాత బాకీ తగువు చుట్టూ పల్లె బతుకంతా విప్పి చూపిన ‘యజ్ఞం’ తేలిగ్గా అరిగేది కాదు. అది చదివాక పతంజలి ‘గోపాత్రుడు’ తీయడం మంచిది. భూమి గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా అన్న తగువే అందులో కథ. నవ్వు ఆగదు.

కల్పన కానివాటిలో శ్రీశ్రీ ఆత్మకథ ‘అనంతం’ విశాఖవాసులకు ఎలాగూ తెలిసిందే. అంతకన్నా అరుదుగా చేతికెత్తుకునేది ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’. 1830 మేలో మద్రాసు నుంచి పరివారంతో బయలుదేరి, తిరుగు ప్రయాణంలో ఈ కోస్తా దారినే వచ్చాడాయన. ఏ మజిలీలో అంగళ్లున్నాయి, నీళ్లెలాంటివి, దారి ఇసుకా రాయా అన్నీ రాసిపెట్టాడు. 1838లో అచ్చయిన ఈ పుస్తకాన్ని ఏకబిగిన చదవలేరు. రోజుకో మజిలీ చాలు.